చెడిన టీ.వీ.లలోని మంచి దీపములు

గోడకు తగిలించు పలుచని టీ.వీ. చెడినచో పాత సామానులవాని తూకమునకు పోవుట వాడుకయైనది. దాని తెరవెనుక నున్న ఎల్.ఇ.డి. దీపములు తరచుగా చెడియుండవు. తెర పగిలినదానిలో అవి సామాన్యముగా అన్నియు బాగుగనే యుండును. మాట వినబడుచు బొమ్మ కానరానిదానిలో ఒకటి రెండు మాత్రమే మాడియుండుట కలదు. దండలో పూసలవలె ఒకదానివెంట నొకటి కూర్పబడుటచే, ఒక్కటి తెగిన తక్కినవియు వెలుగవు. ఈ దీపములను మోటారు కొట్టమునందును పశువుల పాకయందును వాడుకొను విధము నిట తెలుపుచున్నాము. రాత్రివేళ పురుగూ పుట్రా తిరుగుచోట చిన్న వెలుగైనను మేలే గదా!

టీ.వీ.ని మెకానిక్కుచేతనే విప్పింపవలెను. ప్లగ్గు తీసిన పిమ్మటను లోపలి కెపాసిటరులో 300 వోల్టులు కొంతసేపు నిలిచియుండవచ్చును. అది ప్రాణము తీయగలదు. తొలినాటి పలుచని టీ.వీ.లలో ఎల్.ఇ.డి.లకు బదులు పాదరసము గల సన్నని గాజు గొట్టము లుండును. వానిని పగులగొట్టరాదు.

దీపపు పట్టీలను బయటికి తీసిన తరువాత, రెండు టార్చి బ్యాటరీలను వరుసగా నుంచి, రెండు తీగెలతో ఒక్కొక్క దీపమును తాకి చూడవలెను. వెలుగనిచో తీగెలను తారుమారు చేయవలెను. వెలిగినది 3 వోల్టుల రకము. అప్పటికిని వెలుగక, నాలుగు బ్యాటరీలతో వెలిగినచో 6 వోల్టుల రకము. మొదటనే నాలుగింటితో పరీక్షించినచో మంచి దీపమే మాడిపోవును. దిగువ లెక్క 3 వోల్టుల, ఒక వాటు రకమునకే చెల్లును.

పెక్కుమంది చేయు పొరపా టొకటి కలదు. నాలుగు మూళ్లు పన్నెండని యెంచి, నాలుగు దీపములను సోలారు బ్యాటరీకి తిన్నగా తగిలింతురు. ఆ రాత్రి చక్కగా వెలుగును. కాని ఎండలో బ్యాటరీ నిండునపుడు 12 గాక 14 వోల్టులు దాటును. అప్పుడు దీపము వెలుగుచున్నచో హద్దు మీరిన విద్యుత్తు ప్రవహించి మాడిపోవును. కావున వరుసకు మూడు దీపములే యుంచి, వానితో 27 ఓముల, 2 వాట్ల రెసిస్టరు నొకదానిని కలుపవలెను. అట్లయిన ప్రవాహము 130 మొదలు 200 మిల్లీ ఆంపియరులలో నుండును. టీ.వీ.లో నున్నంత కాంతి రాదు గాని, వేడి తగ్గి దీపము చిరకాలము నిలుచును. మరింత వెలుగు కావలసినచో ఇట్టి వరుసలను ప్రక్కప్రక్కన చేర్చవలెనే గాని, రెసిస్టరు తీసివేయరాదు. బ్యాటరీ చెంత చిన్న ఫ్యూజు తప్పక యుండవలెను.

పట్టీని మూడేసి దీపములుగా కోయించి, అంచులను ఆకురాయితో సాపుచేసి, అల్యూమినియము రేకునకు బిగింపవలెను. చెక్కకు బిగించిన వేడి బయటికి పోదు. టీ.వీ.లోని పాలవంటి తెల్లని పొరను ముందు నిలిపినచో కంటికి మిరుమిట్లు తగ్గును. ఈ వెలుగు కొంచెము నీలిచాయగా నుండును. పిల్లల చదువునకు మే మంతగా మెచ్చము.

మిగిలిన బోర్డులను తీగెలను కాల్పరాదు. 2022వ సంవత్సరపు ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనల ప్రకారము రిజిస్టరైన రీసైక్లరునకు అవి చేరవలెను. పదిమంది సభ్యులు కలిసి ఒకేమారు పంపినచో బండికూలి కలిసివచ్చును.