‘ఐదు’ అనగా ఎంతసేపు?

పూర్వము మన పల్లెలలో కాలమును విగడియలు, గడియలు, జాములతో లెక్కించెడివారు. విగడియ 24 సెకన్లు, గడియ 24 నిమిషములు, జాము 3 గంటలు. కృష్ణా డెల్టాలో కాలువ నీరు పారు పొలమున ఒక రైతు “రెండు దాటాక మడవ కట్టు” అని మాత్రమే చెప్పెననుకొందము. ఆ రెండు 48 సెకన్లా, 48 నిమిషములా, 6 గంటలా? ప్రమాణము లేని సంఖ్య వలన ఏమియు తెలియదు. భౌతికశాస్త్రపు లెక్కలో జవాబు ప్రక్కన ప్రమాణము వ్రాయుమని ఉపాధ్యాయులు పట్టుబట్టుట ఇందులకే.

కంప్యూటరు ప్రోగ్రాములలోను ఈ చిక్కే ఉన్నది. ఇతరులు వాడుకొనుటకై ముందుగా వ్రాసియుంచిన ప్రమేయముల సముదాయమును లైబ్రరీ అందురు. కొంత సమయము గడచిన పిదప ఒక పని చేయించునవి టైమరు ప్రమేయములు. పైథాన్ భాషలోని ‘స్లీప్’ ప్రమేయమునకు 5 అని ఇచ్చిన 5 సెకన్లు ఆగును. జావాస్క్రిప్ట్‌లోని ‘సెట్ టైమౌట్’ అదే సంఖ్యను 5 మిల్లీసెకన్లుగా గ్రహించును. తేడా వేయి రెట్లు!

విజయవాడలో ఒక పాఠశాల విద్యార్థులు తోటకు నీరు పెట్టు మోటారును 10 నిమిషముల తరువాత ఆపుటకు జావాస్క్రిప్ట్‌లో ప్రోగ్రాము వ్రాసిరనుకొందము. సమయమును 600000 అని ఇవ్వవలెను. పొరపాటున ఒక సున్న ఎక్కువైనచో మోటారు 100 నిమిషములు నడచి తోట మునుగును. చదువువారికి ఆ తప్పు సులభముగా కనబడదు. పైగా ఈ ప్రమేయములో చేయవలసిన పని ముందు, సమయము చివర వచ్చును. పని పది పంక్తులైనచో సమయము వాని క్రింద మరుగుపడును.

విరుగుడు కష్టము కాదు. ప్రమేయము పేరులోనే ప్రమాణమును చెప్పి, సమయమును ముందుంచవలెను. జావాస్క్రిప్ట్‌లో తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చును:

నిమిషాల_తరువాత(10, మోటారు_ఆపు)

నిమిషములను 60,000తో గుణించు పని ఈ ప్రమేయము లోపల ఒక్కసారి వ్రాసిన చాలును. సి ప్లస్ ప్లస్ భాష ఇంకొక అడుగు వేసినది. అందలి ప్రామాణిక లైబ్రరీలో ఆగు ప్రమేయమునకు ప్రమాణము లేని వట్టి సంఖ్యను ఇచ్చిన కంపైలరు అంగీకరించదు.

ఇది చిన్న విషయము కాదు. 1999 సెప్టెంబరులో అమెరికా వారి ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అంగారకుని చేరుచు నశించినది. ఒక ప్రోగ్రాము ప్రచోదనమును పౌండు-సెకన్లలో ఇవ్వగా, మరియొకటి దానిని న్యూటన్-సెకన్లుగా గ్రహించుటయే మూలకారణము.

ఉపాధ్యాయులు ‘ఆగు(300)’, ‘నిమిషాలు_ఆగు(5)’ అను రెండింటిని నల్లబల్లపై వ్రాసి, ప్రోగ్రామింగు నేర్వని విద్యార్థిచే చదివింపవచ్చును. ఎంతసేపు ఆగవలెనో దేనివలన తెలిసినదని అడిగిన, పాఠము అతడే చెప్పును.