బాసర నుంచి బోధన్ దాకా

మొన్నటి సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకొని బాసర వెళ్లాం. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలోనూ, 2016 నుంచి నిర్మల్ జిల్లాలోనూ ఉన్న ఈ ఊరు సరస్వతీ ఆలయానికి ప్రసిద్ధి. వ్యాస మహర్షి గోదావరి ఇసుకతో అమ్మవారి మూర్తిని చేశాడని స్థలపురాణం.

మేము గుడిలోకి వెళ్లలేదు, గోదావరి మెట్ల మీద కూర్చున్నాం. అక్షరాభ్యాసం కోసం పలకా బలపం పట్టుకొని వచ్చిన పసివాళ్లను చూసి, "అమ్మీ, నా బిస్మిల్లా కూడా ఇలాగే చేశారు కదా?" అంది మా చిన్నది. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు మన ఇళ్లలో జరిపే వేడుక దానికి గుర్తొచ్చింది. ఆరాధించే తీరు వేరు. బిడ్డకు చదువు అబ్బాలనే తల్లి ఆరాటం మాత్రం ఒక్కటే. దివ్యఖుర్ఆన్ అవతరణ మొదలైంది కూడా చదవమన్న ఆజ్ఞతోనే కదా!

అక్కడి నుంచి గోదావరి దాటి నిజామాబాదు జిల్లా బోధన్ చేరాం. ప్రాచీన అశ్మక జనపద రాజధాని పోదన ఇదేనని చరిత్రకారులు చెబుతారు. జైన గాథల్లో బాహుబలి ఏలిన పోదనపురం కూడా ఇదేనని అన్నవారున్నారు. ఈ ఊళ్లోనే ఉంది దేవల్ మసీదు. పేరులోనే దేవళం ఉంది. చుట్టూ పాత గుడి రాతి స్తంభాలు.

"అబ్బా, ఇది గుడా, మసీదా?" అని అడిగాడు పెద్దవాడు.

ఒక్క క్షణం తడబడ్డాం. మాట దాటవేయడం తేలికే. కానీ సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా సరే, న్యాయం వైపు నిలబడాలని సూరె నిసా బోధిస్తున్నది. అందుకే ఉన్నదున్నట్టు చెప్పాం. మొదట ఇది గుడి. జైనాలయమని కొందరు, ఇంద్రనారాయణుని ఆలయమని కొందరు పండితులు అంటారు. 14వ శతాబ్దంలో తుగ్లక్ సుల్తానుల కాలంలో మసీదైంది. ఓడిన రాజు ఆలయం మీద గెలిచిన రాజు తన అధికారం చాటుకోవడం ఆనాటి రాజనీతి. దానికి మనం గర్వపడనక్కర లేదు, దాన్ని దాచనూ అక్కర లేదు.

వాడు కాసేపు ఆలోచించి, "అయితే ఇక్కడ చాలామంది దుఆ చేశారన్న మాట" అన్నాడు. అంతకన్నా మంచి జవాబు మాకూ తోచలేదు.

భూమిపై సంచరించి పూర్వీకుల గతిని చూడమని ఖుర్ఆన్ పదే పదే చెబుతుంది. ఇతరులు పూజించేవాటిని దూషించవద్దనీ హెచ్చరిస్తుంది. కనుక పాత కట్టడాలకు వెళ్లేటప్పుడు వాటి చరిత్ర పిల్లలకు ముందే చెప్పండి. రాళ్లపై పేర్లు చెక్కనివ్వకండి. ఎవరి పవిత్ర స్థలమైనా గొంతు తగ్గించి మాట్లాడటం నేర్పండి. నిజం ఇంట్లోనే విన్న బిడ్డను రేపు బయట ఎవరూ రెచ్చగొట్టలేరు.