వెండి రూపాయి: ఫోటోలో కనిపించేది, కనిపించనిది

మనవారి ఇండ్లలో పాత వెండి రూపాయలు ఇంకా వున్నవి. తాతల కాలంలో వూళ్ళు వదలి వచ్చినా, ఇరుగుపొరుగు భాష ఇంటి భాషతో కలిసిపోయినా, అత్తగారు కోడలి చేతికిచ్చిన పది రూపాయల మూట మాత్రం పూజగదిలో భద్రంగానే వున్నది. అన్నదమ్ములు ఇప్పుడు తలా ఒక నగరంలో వున్నారు. ఒకరు ఫోనులో ఫోటో తీసి పంపుతారు. మరొకరు చూచి, ఇది మంచి నాణెం, ఇంత పలుకుతుంది అంటారు. ఆ మాటమీదనే పంపకాలూ అమ్మకాలూ జరిగిపోతున్నవి. ఫోటోను ఎంతవరకు నమ్మవచ్చునో తెలుసుకొనడం అందుకే అవసరం. మా సంఘంలో కొందరం చాలాకాలంగా ఫోటోనూ నాణేన్నీ పక్కపక్కన పెట్టి చూస్తూ వచ్చాం. తెలిసినంతవరకు ఇక్కడ చెబుతున్నాం.

ముందు నాణెం సంగతి. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే తీరు రూపాయిని ఏర్పాటు చేసింది. బరువు ఒక తులం, అనగా 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. విక్టోరియా, ఎడ్వర్డు, అయిదవ జార్జి రూపాయలన్నిటికీ ఇదే కొలత. 1940లో వెండిని సగానికి తగ్గించారు. 1947లో నికెలు రూపాయి వచ్చింది. పాత రూపాయి టంకశాలనుండి వచ్చిననాడు అందులో సుమారు 10.69 గ్రాముల శుద్ధమైన వెండి వుండేది. ఎంత అరిగినా, మిగిలిన వెండి ధర దానికి ఎలాగూ వుంటుంది. అంతకుమించి పలకడం సంవత్సరాన్నిబట్టి, టంకశాలనుబట్టి, నాణెం నిలిచిన తీరునుబట్టి వుంటుంది. ఈ మూడవదానికే గ్రేడు అని పేరు.

సేకరించేవారు ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అని మెట్లు కట్టారు. చివరిది చలామణిలో అరగని నాణెం. 1949లో అమెరికాలో షెల్డన్ అనే ఆయన అక్కడి పాత సెంటు నాణేలకోసం 1 మొదలు 70 వరకు మార్కులు ఏర్పరచారు. నేడు తక్కిన నాణేలకూ ఆ మార్కులే వేస్తున్నారు. 60, ఆపై మార్కులు అరగనివాటికే.

ఫోటోలో బాగా తెలిసేది అరుగుదల. నాణెంలో ఎత్తుగా వున్నచోటు ముందు అరుగుతుంది. విక్టోరియా బొమ్మకు కిరీటం, చెంప, జుట్టు. అయిదవ జార్జి బొమ్మకు కనుబొమ, చెవి, మీసం, రాజవస్త్రం చూడవలె. ఆయన మెడలోని హారానికి చిన్న ఏనుగు వుంటుంది. 1911లో వచ్చిన రూపాయలలో దాని తొండం పొట్టిగా పడి, పందిలా వున్నదని గొడవ పుట్టింది. అందుచేత 1912లో అచ్చు మార్చారు. ఆ ఏనుగు ఫోటోలో కాళ్ళతోసహా స్పష్టంగా వుంటే ఆ రూపాయి ఎక్కువ చేతులు మారలేదని అనుకోవచ్చు. బొరుసు వైపు అడుగున తామరపువ్వు క్రింద చిన్న చుక్క వుంటే అది బొంబాయి టంకశాలది.

ఇక ఫోటో దాచేది నిగ్గు. కొత్త నాణేన్ని వెలుగులో అటూ ఇటూ వంచితే మెరుపు బండిచక్రపు ఆకులవలె తిరుగుతుంది. కదలని బొమ్మలో అది కనిపించదు. మన ఇండ్లలో పండుగ వచ్చిందంటే రూపాయలను చింతపండుతోనూ విభూతితోనూ తోమడం అలవాటు. తోమిన రూపాయి ఫోటోలో తళతళలాడుతుంది; చేతికి తీసుకుంటే సన్నని గీతలు, నిర్జీవమైన తెలుపు. దాని గ్రేడు పడిపోయినట్లే. తోమడంవల్ల పోయిన నిగ్గు మళ్ళీ రాదు. హారానికి కొక్కెం అతికించి తీసివేసిన టంకపు మచ్చ అంచున వుంటుంది గనుక అదీ ఫోటోకు అందదు. బరువు అసలే అందదు.

మరొక చిక్కు వున్నది. అచ్చు గట్టిగా పడని నాణెం కూడా ఎత్తుచోట్ల చదునుగా వుంటుంది. అరిగినచోట నిగ్గు పోయి బూడిదరంగు తేలుతుంది. అచ్చు పడనిచోట నిగ్గు నిలిచే వుంటుంది. ఒక్క ఫోటో చూచి ఈ తేడా చెప్పడం కష్టం.

కాబట్టి ఫోటో పంపేవారు ఫ్లాష్ వేయక, కిటికీ పక్క పగటి వెలుగులో తీయవలె. ప్లాస్టిక్ సంచినుండి తీసి, అంచులు పట్టుకొని, ముదురు గుడ్డమీద వుంచవలె. బొమ్మ, బొరుసు, అంచు మూడూ తీయవలె. నాణేన్ని నెమ్మదిగా వంచుతూ చిన్న వీడియో తీస్తే నిగ్గు సంగతి కొంత తెలుస్తుంది. బరువు తూచి, ఆ అంకె కూడా వ్రాయవలె.

ఇంత చేసినా ఫోటోనుబట్టి ఒక మెట్టు అటో ఇటో అనగలమేగాని మార్కు వేయలేము. ఫోటో చూచి వద్దనవచ్చు. ఖాయం చేయడం మాత్రం నాణెం చేతికి వచ్చాకనే. పాత నాణేలకు లక్షలిస్తామని, ముందు రుసుము కట్టమని ఫోనులో అడిగేవారు వున్నారు. రిజర్వుబ్యాంకు తాను అటువంటి వ్యాపారం చేయడం లేదని, తన పేరు వాడేవారిని నమ్మవద్దని 2021లో హెచ్చరించింది.

పంపకం చేసుకొనే కుటుంబాలకు మా సలహా ఒక్కటే. అందరూ కలిసిననాడు మూట విప్పి, నాణేలను వెలుగులో చేతులు మార్చి చూచుకొని పంచుకోండి. అంతవరకు ఎవరూ వాటిని తోమవద్దు.