ఊళ్లో ఒకటి, బిలాస్‌పూర్‌లో ఒకటి: రెండు ఓట్ల అపోహ

రైల్వే ఉద్యోగాలకు వచ్చి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డ మనవాళ్లలో ఒక మాట పాతుకుపోయింది. రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకుని ఇరవై ఏళ్లయినవాళ్లూ ఇదే అంటారు: ‘రాష్ట్రాలు వేరు కాబట్టి రెండు చోట్లా ఓటు ఉండొచ్చు.’ ఈ మాట నమ్మినవాళ్లు తెలియకుండానే నేరంలో ఇరుక్కుంటున్నారు.

వాస్తవం: రాష్ట్రాలు ఎన్నయినా లోక్‌సభ ఒక్కటే. 2024లో బిలాస్‌పూర్‌లో మే 7న, ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ జరిగింది. తేదీలు వేరు, ఎన్నిక ఒకటే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. నమోదులో అబద్ధం రాసిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఒకే ఎన్నికలో రెండు చోట్ల ఓటేస్తే 1951 చట్టం ప్రకారం ఆ రెండు ఓట్లూ చెల్లవు.

‘ఊళ్లో ఇల్లుంది కదా’ అంటారు. ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ ఓటు నమోదుకు కావలసిన ‘సాధారణ నివాసి’ కారని చట్టమే చెబుతోంది. ‘పేరు తీయిస్తే పొలం పోతుంది’ అనేది మరో భయం. పొలం హక్కు తేల్చేది రెవెన్యూ రికార్డు, ఓటరు జాబితా కాదు.

‘ఇక్కడి ఓటుతో పెద్దల సభకు (రాజ్యసభకు) సంబంధం లేదు’ అన్నదీ తప్పే. ఛత్తీస్‌గఢ్ నుంచి లోక్‌సభకు 11 మందిని మనమే నేరుగా ఎన్నుకుంటాం. రాజ్యసభకు వెళ్లే అయిదుగురిని మనం గెలిపించిన 90 మంది ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు.

రాజ్యసభ గురించి ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. ‘లోక్‌సభలాగే రాజ్యసభ కూడా రద్దవుతుంది’: కాదు, అది శాశ్వత సభ; రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోతారు.

‘ప్రధాని లోక్‌సభ సభ్యుడే కావాలి’: కాదు, మన్మోహన్ సింగ్ ప్రధానిగా ఉన్న పదేళ్లూ రాజ్యసభ సభ్యుడే.

‘రాజ్యసభకు బయటివాళ్లను పంపుతారు’ అన్న ఫిర్యాదులో మాత్రం నిజముందని ఒప్పుకోవాలి. స్థానిక నివాసి కావాలన్న నిబంధనను 2003లో తీసేశారు. 2022లో ఛత్తీస్‌గఢ్ నుంచి ఎన్నికైన రాజీవ్ శుక్లా ఉత్తరప్రదేశ్ నాయకుడు. అలాంటివి నచ్చకపోతే ఎమ్మెల్యేను నిలదీయాలి. అందుకు ఓటు ఇక్కడ ఉండాలి.

ఊళ్లో ఓటుంటే ఫారం 8 నింపి ఇక్కడికి మార్పించుకోండి. రెండు చోట్లా పేరుంటే ఫారం 7తో ఊళ్లోది తీయించండి. పద్దెనిమిది నిండిన పిల్లలకు ఫారం 6 ఇప్పించండి. పోలింగ్ తేదీ వచ్చేదాకా ఆగకండి, ఈ వారమే చేయండి.