సున్నా క్రెడిట్ల చదువు

పొద్దున్నే ఈసీఐఎల్ చౌరస్తాలో నిలబడితే పసుపు రంగు కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఘట్‌కేసర్ వైపు పోతుంటాయి. కిటికీ పక్కన చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కూర్చున్నవాళ్లలో చాలామందివి జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలే. ఆ విశ్వవిద్యాలయం 2018లో తెచ్చిన నిబంధనల్లో బీటెక్ పట్టాకు 160 క్రెడిట్లు కావాలన్నారు. పర్యావరణం, రాజ్యాంగం, జెండర్ సెన్సిటైజేషన్ కూడా తప్పనిసరి చేశారు. వాటికి ఇచ్చిన క్రెడిట్లు మాత్రం సున్నా.

గట్టెక్కకపోతే పట్టా చేతికి రాదు, గట్టెక్కితే ఒరిగేదీ లేదు. పిల్లలు లెక్కల్లో గట్టివాళ్లు కదా, సున్నాకు ఎంత చదవాలో ఇట్టే తేల్చేస్తారు. సీనియర్ల నోట్స్ జిరాక్స్ తీయించుకుని ముందురోజు రాత్రి ఒకసారి తిరగేస్తే సరి. పాఠం చెప్పే పని కూడా తరచూ ఆ సెమిస్టర్‌లో వర్క్‌లోడ్ తక్కువున్న లెక్చరర్ నెత్తిన పడుతుంది.

పర్యావరణం పేపర్ ఎవరికో తోచి పెట్టింది కాదు. న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే వచ్చింది. చర్లపల్లి, నాచారం, మల్లాపూర్‌లలో ఉంటున్నవాళ్లకు ఈ సబ్జెక్టు పుస్తకంలో వెతుక్కోవాల్సింది కాదు. రాత్రిపూట రసాయనాల ఘాటుకు కిటికీలు మూసుకునే కాలనీలు ఇక్కడే ఉన్నాయి. ఉప్పల్ దగ్గర మూసీ ఎలా ఉందో మెట్రోలో వెళ్లే ఎవరినడిగినా చెబుతారు. అయినా పరీక్షలో అడిగేది కాలుష్యం అంటే ఏమిటి, రకాలు రాయుము అనే. ఫిర్యాదు ఎవరికి చేయాలి, కాలుష్య నియంత్రణ మండలికున్న అధికారాలేమిటి, ఫ్యాక్టరీ పెట్టేముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో మనం ఏం అడగొచ్చు? ఇవి తెలియకుండానే కెమికల్ ఇంజనీర్ బయటికొచ్చి, అవే ఫ్యాక్టరీల్లో ఉద్యోగానికి చేరుతున్నాడు.

జెండర్ కోర్సుది మరీ విడ్డూరం. దానికోసం మహిళా అధ్యయన కేంద్రం ‘అన్వేషి’ పరిశోధకులు రాయగా తెలుగు అకాడమీ 2015లో అచ్చువేసిన పాఠ్యపుస్తకం నిజంగా బాగుంటుంది. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే పుస్తకంలో ఉంటాయి. ఎవరూ లెక్కగట్టని ఇంటిపని మీద ఒక పాఠం కూడా ఉంది. తల్లి పెట్టిన టిఫిన్ డబ్బా సంచిలో వేసుకొచ్చిన కుర్రాడు చదవాల్సిన పాఠం అది. టైంటేబుల్లో దాన్ని ‘ల్యాబ్’ అన్నారు. రికార్డు రాయించి సంతకం పెట్టేస్తే ఆ ముచ్చటా తీరిపోతుంది.

వృత్తి చదువుతోపాటు ఇలాంటి సబ్జెక్టులూ నేర్పాలన్నది కొత్త ఆలోచన కాదు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ నేతృత్వంలోని విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1949లోనే ప్రతి డిగ్రీలో సాధారణ విద్య ఉండాలని చెప్పింది. దాన్ని మనసుపెట్టి అమలుచేసిన చోటు ఒకటి మన దగ్గరే ఉంది. 1982లో దేశంలోనే మొదటిదిగా మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే నేటి అంబేడ్కర్ వర్సిటీ. జి.రామ్‌రెడ్డి దాని తొలి ఉపకులపతి. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి చేరే వీలుండేది. చాలా ఏళ్లపాటు అక్కడ ఏ డిగ్రీకైనా భాషలు, సామాజిక శాస్త్రం, సైన్స్ అండ్ టెక్నాలజీ ఫౌండేషన్ కోర్సులతోనే చదువు మొదలయ్యేది.

ఆ వర్సిటీ పుస్తకాలు చర్లపల్లి కేంద్ర కారాగారం లోపలికీ వెళ్లాయి. జైళ్లలో చదివినవాళ్లు స్నాతకోత్సవాల్లో బంగారు పతకాలు అందుకున్న సందర్భాలున్నాయి. యావజ్జీవ శిక్ష పడ్డ మనిషి బీఏలో చేరితే అతనికి క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాదు, ప్యాకేజీ మాట అసలే లేదు. అతని చేతిలో ఉన్న రాజ్యాంగం పాఠంలో 21వ అధికరణం జీవించే హక్కు గురించి, 22వది అరెస్టయిన మనిషికున్న రక్షణల గురించి చెబుతాయి. దాన్ని ముందురోజు రాత్రి బట్టీ కొట్టే చదువు అనుకోవడం అతనికి కష్టం.

‘లక్షలు కట్టి కోడింగ్ నేర్చుకోమని పంపితే ఇవన్నీ ఎందుకండీ?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. అప్పుచేసి ఫీజు కట్టినవాళ్లు అడగాల్సిందే. దొంగచాటుగా పాస్ చేయించే పేపర్లయితే నేనూ తీసేయమంటాను. ఉంచితే మాత్రం తలా రెండు క్రెడిట్లివ్వాలి, ఆ సబ్జెక్టు చదివినవాళ్లతోనే చెప్పించాలి. ప్రశ్నపత్రం మార్చడానికైతే కొత్త రెగ్యులేషన్లూ అక్కర్లేదు. మీ కాలనీ పక్క నాలాలోకి ఏ నీళ్లు వస్తున్నాయో చూసి, కాలుష్య నియంత్రణ మండలికి ఒక ఫిర్యాదు రాసుకురండి: పది మార్కులు.