కావ్య మారన్: సన్‌రైజర్స్ అసలు ఓనర్ ఎవరు? ఐపీఎల్ టీమ్ వారసత్వంగా వస్తుందా?

మ్యాచ్ రోజు లాలాగూడ వాళ్లకు ఉప్పల్ పెద్ద దూరమేం కాదు. మెట్టుగూడలో మెట్రో ఎక్కితే తార్నాక, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ దాటగానే స్టేడియం స్టేషన్. బోగీ నిండా ఆరెంజ్ జెర్సీలే. అక్కడ వికెట్ పడినా, సిక్స్ కొట్టినా కెమెరా తిరిగేది ఒకరి వైపే.. కావ్య మారన్. ఫ్యాన్స్ ముద్దుగా 'కావ్య పాప' అని పిలుచుకునే ఈమే టీమ్ ఓనర్ అని చాలామంది అనుకుంటారు. కానీ అసలు లెక్క కాస్త వేరు.

ఓనర్ ఎవరు?

సన్‌రైజర్స్ హైదరాబాద్ యజమాని సన్ టీవీ నెట్‌వర్క్. ఇది స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ. ఇందులో 75 శాతం వాటా కావ్య తండ్రి కళానిధి మారన్‌ది. కేంద్ర మాజీ మంత్రి మురసొలి మారన్‌కు ఆమె మనవరాలు. కంపెనీ బోర్డులో ఆమె కూడా ఉన్నారు. అంటే టీమ్ నేరుగా ఆమె పేరు మీద లేదు. తండ్రి నుంచి ఇప్పటికి ఆమెకు వచ్చింది వేలం టేబుల్ దగ్గర కుర్చీ, దాంతో పాటు వచ్చే మాటలు.

ఆ కుర్చీలో ముందు ఎవరు?

హైదరాబాద్‌కు ఇది కొత్త కథేం కాదు. 2008లో డెక్కన్ క్రానికల్ సంస్థ 10.7 కోట్ల డాలర్లకు డెక్కన్ ఛార్జర్స్‌ను దక్కించుకుంది. అప్పట్లో వేలంలో కనిపించింది ఆ సంస్థ అధినేత టి.వెంకట్రామ్ రెడ్డి కూతురు గాయత్రీ రెడ్డి. 2009లో కప్పు కూడా కొట్టారు. కానీ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబర్‌లో బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది. 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ కట్టలేక టీమ్ చేజారిపోయింది. అదే అక్టోబర్‌లో ఏడాదికి 85.05 కోట్ల చొప్పున సన్ టీవీ హైదరాబాద్ ఫ్రాంచైజీని తీసుకుంది.

ఎందుకిలా? ఐపీఎల్ టీమ్ అంటే ఇల్లో, పొలమో కాదు. బీసీసీఐతో కంపెనీ చేసుకున్న ఒప్పందం. కంపెనీ నిలబడితేనే వారసులకు ఏదైనా మిగులుతుంది.

మాటలు పడాల్సింది ఎవరు?

2016లో కప్పు గెలిచిన సన్‌రైజర్స్, 2021లోనూ 2023లోనూ పట్టికలో చిట్టచివర నిలిచింది. తిట్లన్నీ కావ్యకే. 2023 డిసెంబర్ వేలంలో ప్యాట్ కమిన్స్‌ను 20.50 కోట్లకు కొన్నప్పుడూ అంత ఎందుకన్నారు. అతని కెప్టెన్సీలోనే 2024లో బెంగళూరుపై 287 పరుగులు బాదేసి టీమ్ ఫైనల్‌కు వెళ్లింది. చెన్నైలో 113కే ఆలౌటై ఓడింది. ఆ రోజు ఆమె కన్నీళ్లు తుడుచుకున్న వీడియో దేశమంతా చూసింది.

నిజంగా వారసత్వంగా వస్తే?

అమెరికా బాస్కెట్‌బాల్ టీమ్ లేకర్స్‌ది అలాంటి కేసే. 2013లో జెర్రీ బస్ చనిపోయాక మెజారిటీ వాటా ఆరుగురు పిల్లల ట్రస్టుకు వెళ్లింది. పగ్గాలు కూతురు జీనీ బస్‌కు దక్కాయి. 2017లో సోదరులతో గొడవ కోర్టు దాకా వెళ్లినా ఆమే నిలిచారు. 2020లో టైటిల్ వచ్చింది. చివరకు 2025లో సుమారు 1,000 కోట్ల డాలర్ల విలువ కట్టి, మెజారిటీ వాటా అమ్మేశారు.

వారసత్వం పక్కాగా ఉన్న చోటే ఇలా ఉంటే, ఒప్పందం మీద నడిచే చోట సంగతి చెప్పక్కర్లేదు. డెక్కన్ ఛార్జర్స్ నీలం జెర్సీ కొనుక్కున్న లాలాగూడ కుర్రాళ్లకు అది బాగా తెలుసు. తర్వాతి సీజన్ వచ్చేసరికి ఆ జెర్సీ వేసుకుని వెళ్లడానికి టీమే లేదు.