పూలమొక్కలలో పూత పెంపు

ఇంటి తోటలలోను, కుండీలలోను పెంచే అలంకరణ మొక్కలు మరింత తరచుగా, మరింత ఎక్కువ కాలం పుష్పించడానికి అనుసరించే పద్ధతులను పూత పెంపు పద్ధతులు అనవచ్చు. కొమ్మల కత్తిరింపు, తలలు తుంచడం, వాడిన పూలను తొలగించడం, కొంతకాలం నీరు తగ్గించడం, వెలుతురును నియంత్రించడం వీటిలో ముఖ్యమైనవి. ఎరువు ఎక్కువ వేస్తే పూలు ఎక్కువ వస్తాయన్నది చాలామందిలో ఉన్న నమ్మకం. పూత రాని మొక్కలలో పెక్కింటికి కొరత ఎరువు కాదు. ఆ మొక్కకు పూయడానికి కావలసిన సూచన అందకపోవడమే అసలు కారణం.

మొక్క పుష్పించే విధానం

పెరుగుతున్న కొమ్మ చివర ఉండే మొగ్గ సాధారణంగా ఆకులను పుట్టిస్తుంది. తగిన సూచన అందినపుడు అదే మొగ్గ పూమొగ్గగా మారుతుంది. విత్తనం నుండి మొలిచిన మొక్క కొంత వయసు వచ్చేవరకు ఎటువంటి సూచనకూ స్పందించదు. విత్తనం నాటిన సంపెంగ పూయడానికి ఏళ్ళ తరబడి ఆగవలసి వస్తుండగా అంటు కట్టిన సంపెంగ రెండు మూడేళ్ళలోనే పూయడానికి ఇదే కారణం. ముదురు చెట్టు కొమ్మను అంటుకట్టుటచే ఆ ముదురుతనం కూడా దానితో వస్తుంది.

కొన్ని మొక్కలకు ఈ సూచన పగలు, రాత్రుల నిడివి నుండి లభిస్తుంది. 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అను శాస్త్రవేత్తలు మేరీలాండ్ మమ్మత్ అనే పొగాకు రకంలో దీనిని నిరూపించారు. నిజానికి మొక్క గుర్తించేది పగటిని కాదని, ఎడతెగని చీకటినని 1938లో హామ్నర్, బోనర్‌ల ప్రయోగాల వలన తెలిసింది. ఈ సూచనను ఆకులు గ్రహించి ఒక పదార్థం ద్వారా కొమ్మ చివరకు పంపుతాయని రష్యా శాస్త్రవేత్త చైలాఖ్యాన్ 1930లలో ప్రతిపాదించి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఎఫ్‌టి అనే ప్రొటీను అని 2007లో వెలువడిన పరిశోధనలు చూపాయి.

చేమంతి ఇందుకు మంచి ఉదాహరణ. రాత్రులు పొడవయ్యే కాలంలోనే ఇది మొగ్గ తొడుగుతుంది. వీధిదీపం వెలుగు రాత్రంతా పడే చోట ఉన్న చేమంతి ఏపుగా పెరిగినా పూత ఆలస్యమవుతుంది, ఒక్కొక్కసారి అసలే రాదు. అటువంటి కుండీని నాలుగడుగులు జరిపి చీకటిలో ఉంచడం కంటె మించిన మందు లేదు. వాణిజ్యపరంగా సాగుచేసేవారు ఈ గుణాన్నే ఉపయోగించుకొని, రాత్రి బల్బులు వెలిగించి పూతను ఆపడం, నల్లని గుడ్డ కప్పి ముందుకు తేవడం చేస్తుంటారు. పాయిన్‌సెట్టియా కూడా ఇట్టిదే. గులాబీ, మందారం వంటివి మాత్రం రాత్రి నిడివిని అంతగా పట్టించుకోవు. వాటికి ఎండ ముఖ్యం. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలని చోట వీటినుండి మంచి పూతను ఆశించరాదు.

కత్తిరింపు

ఎప్పుడు కత్తిరించాలనేది మొక్క ఏ కొమ్మపై పూస్తుందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. గులాబీ, మల్లె, మందారం కొత్త చిగుళ్ళపై పూస్తాయి, కనుక ఎన్ని కొత్త రెమ్మలు వస్తే అన్ని పూలు. తెలుగు ప్రాంతాలలో గులాబీని వానలు తగ్గాక, అక్టోబరులో కత్తిరిస్తారు. బయటి వైపుకు తిరిగి ఉన్న కన్నుకు కొంచెం పైగా, ఏటవాలుగా కోయాలి. ఆరేడు వారాలలో పూలు వస్తాయి.

గుండుమల్లె విషయంలో పూర్వంనుండి వస్తున్న పద్ధతి గమనింపదగినది. చలికాలంలో కొన్నాళ్ళు నీరు మాని, ఆకు రాలాక నవంబరు చివరినుండి జనవరి లోపల పొదను నేలకు సుమారు 45-50 సెం.మీ. ఎత్తున కోస్తారు. మిగిలిన ఆకులను దూసివేస్తారు. తరువాత పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి, నీరు పెడతారు. వచ్చిన ప్రతి చిగురు మొగ్గలతోనే వస్తుంది. పచ్చని పొదను మోడు చేయడానికి మనసొప్పక వదిలివేసినవారి మల్లెకు వేసవిలో ఆకులే మిగులుతాయి.

దేవగన్నేరు ఇందుకు భిన్నం. దాని పూగుత్తి కొమ్మ కొసనే వస్తుంది కాబట్టి చలికాలం చివర కొసలన్నీ నరికితే ఆ ఏటి పూత చాలావరకు పోయినట్లే. చేమంతి, బంతి మొక్కలకు లేతగా ఉండగానే తల తుంచితే పక్కకొమ్మలు వచ్చి పూల సంఖ్య పెరుగుతుంది. చేమంతికి నాటిన నాలుగు వారాలకు ఇది చేయడం వాడుక.

వాడిన పూలు

పువ్వు కాయగా మారితే మొక్క తన ఆహారాన్ని గింజకు మళ్ళిస్తుంది. వాడిన పూలను కాయ కట్టకముందే తుంచితే మరల పూసే అవకాశం పెరుగుతుంది. గులాబీ, బంతి, జినియాలలో దీని ఫలితం స్పష్టంగా కనబడుతుంది. కనకాంబరంలో పూలు అయిపోయిన వెన్నులను తీసివేయాలి. రోజూ పూజకు పూలు కోసే ఇళ్ళలో ఈ పని తెలియకుండానే జరిగిపోతుంది.

నీరు, ఎరువు

కాగితంపూల మొక్కకు నీరు ధారాళంగా పోస్తే తీగలు సాగుతుంది. మన్ను పైభాగం బాగా ఎండి, ఆకులు కొద్దిగా వాలేవరకు ఆగి నీరు పోస్తే రంగు పుచ్ఛాలతో నిండుతుంది. ఈ పద్ధతిని మందారంపై ప్రయోగించరాదు. నీరు ఒకనాడు ఎక్కువై ఒకనాడు లేకపోతే మందార మొగ్గలు విచ్చకుండానే రాలుతాయి. మొగ్గలు రాలడానికి పిండినల్లి కూడా కారణం కావచ్చు కనుక తొడిమల వద్ద తెల్లని దూదివంటి పదార్థం ఉన్నదేమో చూడాలి. ఉంటే నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనెను కొద్ది సబ్బుతో కలిపి చల్లవచ్చు.

నత్రజని అధికమైతే ఆకులు ముదురు పచ్చగా, దట్టంగా పెరిగి పూత తగ్గుతుంది. యూరియా గుప్పెడు వేసిన కుండీలో జరిగేది ఇదే, లేదా వేర్లు మాడి మొక్కే పోతుంది. పూత కోసమని అమ్మే అధిక భాస్వరపు మిశ్రమాలకు వాటి ధరకు తగిన ప్రయోజనం సాధారణంగా ఉండదు. మట్టిలో భాస్వరం లోపిస్తే తప్ప అదనంగా వేసినది పూలుగా మారదు. పైగా మితిమీరిన భాస్వరం ఇనుము, జింకులను మొక్కకు అందకుండా చేస్తుంది, లేత ఆకులు పాలిపోతాయి. బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు కత్తిరింపు తరువాత ఒకసారి, పూత నడుమ మరికొంత వేస్తే ఇంటి తోటకు చాలును.